బుధు లోపల ఉన్నాడు

ముఖం కడుక్కుని వచ్చాక బుధు చెయ్యి దానంతట అదే గోడ గూట్లోకి వెళ్ళింది. వేళ్ళకు ఏమీ తగలలేదు. రెండు నెలలుగా రోజూ ఇదే. చెయ్యి వెళుతుంది, ఖాళీ గూడును తడుముతుంది, తప్పు చేసినట్టు వెనక్కి వస్తుంది.

గుమ్మంలో కూర్చున్న రత్నాలు కాలు చాపింది.

"ముల్లు దిగింది. ఓ పాలి సూడు."

భార్య మడమను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇదివరకైతే కళ్ళద్దాలు తీసి, కన్నును నాలుగు వేళ్ళ దూరానికి దించితే చాలు. చర్మంలోని గీతలు నాగటి చాళ్ళలా విడివిడిగా కనబడేవి. వాటి మధ్య ముల్లు కొస నల్లగా తేలేది. ఊళ్ళో ఎవరికి ముల్లు దిగినా, పిల్లల కంట్లో నలుసు పడినా బుధు దగ్గరికే వచ్చేవారు. ఇప్పుడు కాలును దగ్గరికి తెచ్చుకుంటే పొగ కమ్మినట్టుంది. చేయి చాచి దూరం పెడితే మడమ స్పష్టంగా ఉంది, ముల్లు మాత్రం అందనంత చిన్నదైపోయింది. తల ఎత్తాడు. లోయకు అవతల, వలిసెపూల పసుపు మీద మేస్తున్న మేకలు. పద్నాలుగు. ఒకదాని చెవి చినిగి ఉంది.

"ఎదర కొండకి దిగిందేటి ముల్లు? ఇటు సూడు," అంది రత్నాలు.

ఇటు చూశాడు. ఆమె కణతల దగ్గర నెరుపు, పెదవి పక్కన చిన్న మచ్చ. ఆ మచ్చ ఎప్పటిదో అతనికి తెలియదు. పదేళ్ళ కిందట కంటి శిబిరంలో ఇచ్చిన గీతలుపడ్డ అద్దాల్లోంచి అది ఎన్నడూ కనబడలేదు.

"ఏటలా సూత్తావు, కొత్త మనిసిలాగ?"

"ఏటీ లేదు."

ఆమె కాలు వెనక్కి లాక్కుంది. "పోనీలే. పక్కింటి గుంట తీత్తాది." కుంటుతూ వెళ్ళిపోయింది.

బుధు లేచి ట్రంకుపెట్టె తెరిచాడు. అడుగున తువ్వాలు మడతలో పాత కళ్ళద్దాలున్నాయి. చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకన్నది రాత్రే తేల్చుకున్నాడు. ఈవేళ వాటితో ఒక్కసారి చూస్తాడు. కనబడిందా, సరే. కనబడకపోతే గుహలో గైడు పని తనకింక లేదు.

గుహల దాకా మూడు మైళ్ళు. రైలుకట్ట పక్క కాలిబాట. కార్తీకమాసపు చలి. రెండు వేల మూడో సంవత్సరం ఇంకొన్ని వారాల్లో అయిపోతుంది. కట్ట మీద ప్రతి రాయికీ ఒక అంచు ఉంది, ప్రతి ఆకుకూ అంచు ఉంది. ఒకప్పుడు అద్దాలు తీసేస్తే లోకం తనకు కొంచెం దూరంలో ఆగిపోయేది. అక్కడి నుంచి ఇవతల అంతా తనది. ఇప్పుడు లోకం ఎక్కడా ఆగడం లేదు. నేరుగా వచ్చి కళ్ళ మీద పడుతోంది. రాత్రి కళ్ళు మూసుకున్నా, పగలు చూసినవన్నీ అంచులతో సహా లోపల తిరుగుతుంటాయి.

టికెట్ల గది దగ్గర సర్వేశ్వరరావు నోటుపుస్తకం మీంచి తలెత్తాడు. పార్వతీపురం మనిషి, ఈ ఉద్యోగంలోకి వచ్చి ఆరేళ్ళు.

"వచ్చేవా? ఏటోనయ్యా, నీ అద్దాలు పోయినకాణ్ణించీ నువ్వు లోపలున్నావో బైటున్నావో తెలీడం లేదు. నిన్న గంటసేపు అరిచేను."

గుహ నోట్లో, ఇనపగేటు పక్కనున్న కర్ర స్తంభానికి ఒక మేకు ఉంది. లోపలి చెమ్మకు అద్దాలు క్షణంలో ఆవిరి పట్టేసేవి, తుడిచినకొద్దీ పట్టేవి. అందుకని గైడుగా చేరిన కొత్తలోనే వాటిని ఆ మేకుకు తగిలించి, ఉత్త కళ్ళతో లోపలికి వెళ్ళడం మొదలుపెట్టాడు. లోపల అడుగడుగూ కాళ్ళకు తెలుసు. ఇరవై రెండేళ్ళు అలాగే. మేకుకు అద్దాలుంటే బుధు లోపల ఉన్నట్టు, లేకపోతే బయట ఉన్నట్టు. గేటు తాళం వేసేవాళ్ళు ఆ మేకును చూశాకే వేసేవారు.

ఎదురుగా బొంగులో కోడి కాల్చే యర్రమ్మ పొయ్యి రాజేస్తోంది.

"ఏటి మరిదీ, సినిమా ఈరోనాగ ఎల్లిపోతన్నావు? వదిన్ని పలకరించవేటి? ఇదివరకు సూపు ఆనేది కాదు, సరే. ఇప్పుడేటొచ్చింది?"

"ఇప్పుడు బాగా ఆనతంది ఒదినా. అందుకే పలకరించలేదు."

"నీ నోట్లో మన్నుబడ! అద్దాలు తీసి కొమ్ములు మొలిపించినాడు డాక్టరు," అని ఆమె నవ్వింది. బుధు కూడా నవ్వాడు. చెయ్యి ముక్కు మీదికి వెళ్ళి లేని అద్దాన్ని పైకి తోసింది.

ఆ డాక్టరు విశాఖపట్నం ఆయన. వేసవిలో కుటుంబంతో వచ్చాడు. గుహలో తడి మెట్ల దగ్గర ఆయన కూతురి కంట్లోంచి లెన్సు జారిపడింది. అద్దాలు నచ్చక ఆ పిల్ల కంట్లోనే పెట్టుకునే లెన్సులు వాడుతోంది. అందరూ కదలకుండా నిలబడిపోయారు. బుధు వంగి, చెంప రాతికి ఆనేంతగా మొహం దించి, నీటిచుక్కల మధ్య నీటిచుక్కలాంటి ఆ బిళ్ళను వేలికొసతో తీశాడు. డాక్టరు అతని కళ్ళలోకి టార్చి వేసి చూశాడు.

"మైనస్ ఏడు పైనే ఉంటుంది నీకు. ఇన్నాళ్ళూ చీకట్లో అద్దాలు లేకుండా తిరిగావా? నీ పనికి లెన్సులూ కుదరవు, ఈ దుమ్ము, ఈ గబ్బిలాల రెట్ట. లేజరు చేస్తాను, రా. అద్దాల బెడదే ఉండదు. దగ్గరి చూపు కాస్త తగ్గుతుంది, నీ వయసుకు ఎలాగూ తగ్గేదే."

రైలెక్కి వెళ్ళాడు. పడుకోబెట్టి ఎర్రచుక్కను చూడమన్నారు. టకటకమని మిషను చప్పుడు, వెంట్రుక కాలిన వాసన. ఒక్కో కంటికి నిమిషం పట్టిందో లేదో. మర్నాడు ఆస్పత్రి కిటికీలోంచి వీధి అవతలి బోర్డు మీద అక్షరాలు చదివి ఏడ్చేశాడు. అది మాత్రం సంతోషమే.

వారం తరువాత గుహలోకి దిగాడు. అప్పుడు తెలిసింది.

కిరండోల్ పాసింజరు దిగిన జనం పదిన్నరకు వచ్చారు. గుహలోని శివలింగం చూడ్డానికి కార్తీకంలో గుంపులెక్కువ. బుధు ముందు నడిచాడు.

"బేగి రండి బావూ, తలకాయ్ జాగర్త. ఇటు సూడండి, మొసలి నోరు తెరిసింది. అదిగో పై పన్ను. ఇక్కడ ఏనుగు మోకాలేసింది."

టార్చి వెలుగు పడవలసిన చోటే పడుతోంది. కమ్మీల మూడో స్తంభం దగ్గర నిలబడి చెయ్యి ఎంత ఎత్తాలో భుజానికి గుర్తే. జనం "అవునవును" అంటున్నారు. అతనికి మాత్రం అక్కడ మొసలి లేదు. సున్నపురాయి ఉంది. నీరు కారిన చారలు, పొరల మీద పొరలు, ప్రతి కొసనూ ఊగుతున్న ఒక చుక్క. మంచు కమ్మిన తన పాత కంటికి ఇరవై రెండేళ్ళపాటు కదిలి, ఊపిరి తీసినవన్నీ పదునైన చూపు వచ్చిన రోజే రాళ్ళయిపోయాయి. తన నోటి మాటలు ఎవరో చెప్పి వెళ్ళినవాటిలా వినిపిస్తున్నాయి.

మొసలి పోతే పోయింది. ఏనుగు పోయినా ఫరవాలేదు.

చివరి గదిలో, వాగు గలగల వినిపించే చోట, పైన ఒక అరుగు ఉంది. పందొమ్మిదో ఏట, మొదటి రోజు, అద్దాలు తీసి తలెత్తినప్పుడు అక్కడ ఒక ఆడమనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. వీపుకు బట్టతో కట్టిన పిల్లవాడు. మొహం లేదు, గోధుమరంగు మరక మాత్రమే. తన తల్లి పోయినప్పుడు బుధుకు ఆరేళ్ళు. జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. ఫొటో ఏదీ లేదు. అతనికి గుర్తున్నది ఆమె వీపు, చెంపకు తగిలే బట్ట, పొగవాసన. మొహం గుర్తులేదు. అరుగు మీది మనిషికీ మొహం లేకపోవడం అతనికి వింతగా అనిపించలేదు. ఏడాదిపాటు ఎవరికీ చూపించలేదు. తరువాత "తల్లీ పిల్లాడూ" అని అందరికీ చూపించాడు. ఎవరి తల్లో చెప్పలేదు, రత్నాలుకు కూడా.

మధ్యాహ్నం భోజనాల వేళ గుహ ఖాళీ అయింది. బుధు ఒక్కడే లోపలికి వెళ్ళాడు. గుహ పైనున్న రైలుకట్ట మీద గూడ్సు వెళుతోంది. గుహ సన్నగా వణికింది, చుక్కలన్నీ ఒక్కసారి రాలాయి. అరుగు కింద నిలబడి టార్చి ఎత్తాడు. రాయి. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు.

అంతా చిన్నదైపోయి, చెదిరి, దూరంగా పారిపోయింది. కళ్ళు లాగాయి. చెదరడం చెదిరింది గాని ఇది ఆ చెదరడం కాదు. ఇందులో ఎవరూ లేరు. అంతలో ఆవిరి పట్టి అదీ పోయింది. అద్దాలు తీసి మళ్ళీ చూశాడు. మోకాలు ఉండవలసిన చోట ఎవడో మేకుతో గీకిన అక్షరాలు కనబడ్డాయి. బాలాజీ. గీతల్లో నాచు పట్టి ఉంది. ఎన్నేళ్ళ కిందటిదో. ఆ పేరు కిందే నిలబడి తను ఎన్ని వేలసార్లు "సూడండి" అన్నాడో.

అద్దాలు జేబులో వేసుకుని బయటికి నడిచాడు. యర్రమ్మ పెట్టిన అన్నం సగం వదిలేశాడు.

"ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉంది."

"అద్దాలున్నప్పుడే నీ మొకం బాగుండేది మరిదీ. ఇప్పుడు అన్నీ ఎతుక్కుంటన్నట్టుంటావు."

రెండు దాటాక బొబ్బిలి నుంచి వచ్చిన బడి పంతుళ్ళు దిగారు. వాళ్ళలో ఒకావిడ సోడాబుడ్డి అద్దాలామె, నలభై పైనే ఉంటాయి. పక్కన తమ్ముడు. ఆమె అద్దాలు మొదటి మెట్టు దగ్గరే ఆవిరి పట్టాయి. కొంగుతో తుడుస్తూ, పెట్టుకుంటూ, మళ్ళీ తుడుస్తూ దిగింది. బుధు ఆమెకు చెయ్యి అందించాలనుకున్నాడు గాని అందించలేదు. మొసలిని చూపించాడు. ఏనుగును చూపించాడు. చివరి గదిలో మాత్రం ఆగకుండా, టార్చి దించుకుని వాగు వైపు నడిచాడు.

"ఆగవోయ్ గైడూ," అంది వెనకనుంచి ఆవిడ. "ఆ పైన కూర్చున్నదెవరు?"

బుధు నిలబడిపోయాడు.

తమ్ముడు నవ్వాడు. "ముందు అద్దాలు పెట్టుకో అక్కా. జారి పడ్డావంటే మేం మొయ్యాలి."

"నువ్వుండరా." అద్దాలు ఆమె చేతిలో ఉన్నాయి. కళ్ళు చికిలించి పైకి చూస్తోంది. ఆ చికిలింపు బుధుకు తెలుసు. "ఆడమనిషి. మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూచుంది. నువ్వు చెప్పకుండా వెళ్ళిపోతున్నావేం?"

"వీపు మీద..." అన్నాడు బుధు. తరువాతిది తను చెప్పకూడదనుకున్నాడు.

"వీపు మీద మూట. కాదు కాదు. పిల్లాడు."

"ఏటి సేత్తన్నాడు తల్లీ?"

అతని గొంతు విని తమ్ముడు నవ్వడం మానేశాడు. ఆవిడ తల కాస్త పక్కకు వాల్చింది.

"దిగుదామని చూస్తున్నాడు. కాలొకటి కిందికి జారింది. ఆవిడ పట్టుకోలేదు. దిగనీ అన్నట్టుంది."

బుధు అరుగు వైపు చూశాడు. రాయి, చారలు, నీటిచుక్క. ఎంతసేపు చూసినా అంతే. కానీ రెండు నెలలుగా ఛాతీలో తిరుగుతున్నది ఏదో ఎక్కడో ఒకచోట కూర్చున్నట్టయింది. ఆమె ఉంది. తనకు కనబడడం మానేసింది, అంతే.

"అవును తల్లీ," అన్నాడు.

ఆవిడ అద్దాలు తుడిచి పెట్టుకుంది. "అరె, ఇప్పుడేం లేదే!" అని నవ్వింది. మెట్లెక్కుతూ ఆయాసపడుతూ అడిగింది. "నువ్వు లేజరు చేయించుకున్నావటగా? టికెట్లాయన చెప్పాడు. మావాళ్ళు నన్నూ చేయించుకోమంటున్నారు. మంచిదేనా?"

బుధు రెండు మెట్లెక్కి, వెనక్కి తిరిగి టార్చి ఆమె కాళ్ళ ముందు వేశాడు.

"మంచిదే తల్లీ. అంతా కనబడతాది."

"అంతానా?"

"అంతా."

నాలుగు గంటల రైలుకు జనం స్టేషను వైపు పరుగెత్తారు. సర్వేశ్వరరావు టీకి వెళ్ళినట్టున్నాడు, గదిలో లేడు. బుధు టార్చిని టికెట్ల కిటికీలో పెట్టాడు. పొయ్యి దగ్గరికి వెళ్ళి యర్రమ్మతో రెండు మాటలు మాట్లాడాడు. తిరిగి గేటు దాకా వచ్చి, కాసేపు నిలబడి, కట్ట పక్క బాటలోకి దిగాడు.

ఐదింటికి సర్వేశ్వరరావు తాళం పట్టుకుని వచ్చాడు. గొలుసు చుట్టబోతూ ఆగి, గుహలోకి తల పెట్టి పిలిచాడు.

"బుధూ! ఇంకా ఏం చేస్తన్నావయ్యా లోపల?"

అతని గొంతే తిరిగి వచ్చింది.

"ఆడు లోపల లేడు బావూ," అంది యర్రమ్మ బూడిద ఎత్తుకుంటూ. "ఎప్పుడో ఎల్లిపోనాడు. రేపట్నుంచి రాడంట. అత్తోరి కాఫీ తోటలో పని సూసుకుంటాడంట. నీకు సెప్పమన్నాడు. టార్చి బేట్రీలో మందు అయిపోయిందంట, మార్సమన్నాడు."

"రాడా? మరి ఇదేంటి?"

ఆమె చేతులు దులుపుకుని వచ్చి చూసింది. సర్వేశ్వరరావు తీయబోయినట్టు చెయ్యి ఎత్తి, దించేసి, గొలుసు చుట్టి తాళం వేశాడు.

గేటు లోపల, స్తంభం మేకుకు, పాత కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. గుహ నోట్లోంచి వచ్చే వెచ్చటి గాలికి రెండద్దాలూ తెల్లగా కమ్ముకుంటున్నాయి, కాసేపటికి తేటపడుతున్నాయి, మళ్ళీ కమ్ముకుంటున్నాయి.