మెల్లకన్ను ల్యాబు

మా ల్యాబులోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లు మొదటి రోజే హడలిపోతారు. కంప్యూటర్ల ముందు పెద్దా చిన్నా అందరం మెల్లకన్ను పెట్టుకుని కూర్చుంటాం మరి. తెరమీద తీగల జాలీలా గీసిన ఒకే ప్రోటీన్ బొమ్మ పక్కపక్కన రెండుసార్లు కనిపిస్తుంది. కళ్లు ముక్కువైపు తిప్పితే ఆ రెండూ కలిసిపోయి, లోతూ ఎత్తూ ఉన్న నిండు బొమ్మ మధ్యలో లేచి నిలబడుతుంది. దీనికి కళ్లజోళ్లు దొరుకుతాయి. మా ల్యాబు పెద్ద కనిషాయ్ అక్కకు అవంటే చిన్నచూపు. బిష్కెక్ నగరం మొత్తంలో ఉత్త కళ్లతో ఈ పని చేసేది మేమేనని ఆవిడకు ఎక్కడలేని గర్వం.

కొత్తగా చేరిన బురులై మాత్రం లోలోపల కుమిలిపోతోంది. గొర్రెల నుంచి మనుషులకు అంటుకునే జ్వరం తాలూకు ప్రోటీన్ ఒకటి ఆమెకు అప్పగించారు. అందులో ఒక గుంట ఉంది, దానిలో ఇమిడే మందును ఆమె వెతకాలి. చిన్నప్పటి నుంచీ ఇలాంటి పనే చేయాలని కలలుగన్న పిల్ల.

ఒక రోజు టీ వేళ, నూనెలో వేయించిన బోర్సోకుల పళ్లెం ముట్టకుండా లేచి వచ్చింది.

"అక్కా, నన్ను సీసాలు కడిగే గదికి మార్చేయండి. ఈ పని నా వల్ల కాదు."

అక్క నావైపు ఉరిమి చూసింది. "తిలెక్, ఏమన్నావురా పిల్లని?"

"నేనేం అన్లేదక్కా!" అన్నాను. ఆ ఒక్కరోజు నిజంగానే అనలేదు.

"ఎవరూ ఏమన్లేదు. మీ అందరికీ గుంట కనిపిస్తోంది. నాకేమో అక్కడ బొడిపె కనిపిస్తోంది" అంది బురులై.

నాకు నవ్వాగలేదు. "బొడిపెలో మందెలా పెడతావే తల్లీ?"

"నోరు ముయ్యరా! నువ్వు మళ్లీ చూడమ్మా, నేను నీ కళ్లు చూస్తా" అని అక్క తెర పక్కన వంగింది.

బురులై చూసింది. ఆమె కళ్లు ముక్కువైపు తిరగలేదు. కిటికీ అవతలి మంచుకొండల్ని చూస్తున్నట్టు దూరంగా నిలిచాయి.

"ఓసి పిచ్చిమొద్దూ!" అక్క టేబుల్ చరిచింది. "నీకు చక్కగా కనిపిస్తోందే! మేం కుడి బొమ్మను ఎడమ కంటితో, ఎడమ బొమ్మను కుడి కంటితో చూస్తాం. నువ్వు ఏ వైపు బొమ్మను ఆ వైపు కంటితోనే చూస్తున్నావ్. అందుకే లోతు నీకు ఎత్తైంది!"

మాకందరికీ చూడటం నేర్పింది అక్కే. ఇంకో తీరులో చూడొచ్చన్న సంగతే మరిచిపోయాం. అక్క ఒక్క నొక్కు నొక్కి ఎడమ బొమ్మను కుడికీ, కుడి బొమ్మను ఎడమకీ మార్చింది.

"అమ్మో... లోపలికి పోతోంది!" బురులై వేలు గాలిలోనే గుంటలోకి దిగింది. "అడుగున చిన్న సందు కూడా ఉందక్కా!"

నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఇప్పుడు అక్కకే బొడిపె కనిపిస్తోంది. ఆవిడ బురులైలా చూడబోయి, కళ్లనీళ్లు కారుతుంటే పడీపడీ నవ్వింది.

"మరి సీసాల గదికి ఎప్పుడెళ్తావ్?" అన్నాను.

"కాస్త పక్కకు జరుగన్నా," అంది బురులై నన్ను మోచేత్తో తోస్తూ, "లోపల ఇంకా చాలా ఉంది."