చివరిదాకా తిప్పిన నాబ్

మా బావ కారు డిక్కీలో సబ్‌వూఫర్, అదే మోత పెంచే పెద్ద స్పీకర్, బిగించింది నేనే. అది వేడెక్కి కాలిన వాసన వస్తోందని ఆయన రెండుసార్లు నా షాపుకొచ్చినా నేను డిక్కీ తెరవలేదు.

"వీధంతా వినేలా మోగిస్తే కాలక ఏమవుతుంది బావా?" అని నలుగురిలో నవ్వాను.

ఏడాది తర్వాత, ఇవాళ హారన్ మార్చడానికి కారు వచ్చినప్పుడు డిక్కీ తెరిచి చూశాను. స్పీకర్‌కి ఎంత బలంగా శబ్దం పంపాలో నిర్ణయించే ఆంప్లిఫయర్ గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. బిగించిన రోజు నా పనితనం చూపించుకోవాలని తిప్పి, తగ్గించడం మరిచాను. ఇప్పుడు తగ్గించి, అరగంట పాటలు పెట్టి, స్పీకర్ మీద చెయ్యి ఆనించాను. వేడెక్కలేదు.

"తప్పు నాదే బావా. ఇక ఎంతసేపైనా వినొచ్చు."

"పోనీలే బావమరిదీ. నువ్వన్నాక, చెవులు మందగించి మోత పెంచుతున్నానేమోనని నాకే అనుమానమొచ్చి పాటలు మానేశా. ఇప్పుడు మోత లేకపోతేనే హాయిగా ఉంటోంది."

ఆ మాట నిజమైతే బాగుండుననుకున్నాను. అదీ ఆయన కోసం కాదు, నా తప్పు కాస్త తేలికవుతుందని.