సోమవారం తీసిన గోళ్లు

బొమ్మలు ఆరే ఉన్నాయి.

అమ్మ ఇంటి వసారాలో, చాప మీద, గోడకి ఆనించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముక్కూ చెవులూ లేని జానెడేసి చెక్క బొమ్మలు. మళ్లీ లెక్కపెట్టాను. చెల్లెలు, దాని మొగుడు, ముగ్గురు పిల్లలు, అమ్మ. మా ఊళ్లో ఆరో నెల పున్నమికి ప్రతి ఇల్లూ మనిషికొక బొమ్మ చెక్కించి, ఆ మనిషి గోళ్లు గుడ్డపీలికలో పెట్టి దాని నడుముకి కట్టి, ఊరంతా కలిసి చేసిన చెక్కపడవలో ఎక్కిస్తుంది. అందరి చెడునీ ఎత్తుకుని పడవ సముద్రంలోకి పోతుంది. తిరిగి ఒడ్డుకొస్తే ఆ చెడు మళ్లీ ఊరిదే.

నిరుటిదాకా ఆ చాప మీద ఏడు బొమ్మలుండేవి.

నా చొక్కా జేబులో ఒక కాగితం పొట్లం ఉంది. అందులో నా గోళ్లున్నాయి. పదకొండేళ్లుగా అమ్మ అడుగుతూ వచ్చింది, నేను ఇవ్వకుండా వచ్చాను. రొహానీని పెళ్లి చేసుకోవడానికి మతం మారాను. మా లాంటా దీవికి అటు కొసన ఉంటూ, పడవలో విదేశీయుల్ని పగడపు దిబ్బల దాకా తిప్పి తీసుకొస్తుంటాను. వాళ్లకి నేను సిడ్‌ని, రొహానీకి సిద్దిక్‌ని, అమ్మకి లాబూని. ఈ మూడు పేర్లవాళ్లూ ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోరు. మోటారుసైకిలు మీద గంట దూరానికి ఏడాదికొకసారి వస్తాను. పని ఎక్కువని చెబుతాను.

నెల కిందట దవడ కింద రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. పోయిన వారం ఆసుపత్రిలో సూదితో ముక్క తీశారు, ఏమిటన్నది వచ్చే వారం చెబుతామన్నారు. ఆ రాత్రి నుంచి నమాజు తప్పలేదు. అయినా సోమవారం పొద్దున గోళ్లు తీసుకుని కాగితంలో మడిచాను. రొహానీ చూసి, "శుక్రవారం దాకా ఆగలేకపోయారా?" అని నవ్వింది. తాడు లాగుతుంటే గోరు చిట్లిందని చెప్పాను. ఆ చేతులు ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

"ఏరా లాబూ, గుమ్మంలోనే నిలబడ్డావేం? మీ దేవుడు గడప దాటొద్దన్నాడా?" అంది అమ్మ వంటింట్లోంచి.

"అన్నాడులే. నీ చేపల పులుసు వాసనలో సరిగ్గా వినపడలేదు."

"మాటలకేం తక్కువ లేదు. కూర్చో."

నా కోసం విడిగా దాచిన కంచం తీసి తుడిచింది. పంది మాంసం తగలని గిన్నె, గరిటె, కంచం. పదకొండేళ్లుగా వాటిని పైఅరలో గుడ్డ కప్పి ఉంచుతోంది. నేను అన్నం కలుపుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాను.

"ఆరే ఉన్నాయేమ్మా?"

"ఆరుగురమేగా."

"నాది?"

అమ్మ పులుసు వడ్డించడం ఆపలేదు. "నిరుడు నువ్వేగా అన్నావు. నా పేరున చెక్కించకు, నాకు పాపం చుట్టుకుంటుంది అని. అదిగో, ఆ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ అన్నావు. నాకు చెవుడనుకున్నావా?"

అన్నాను. అన్నానన్న సంగతి మర్చిపోయాను. అంతకు ముందు పదేళ్లూ గోళ్లు లేకుండానే నాకో బొమ్మ పంపింది. గోళ్లు శుక్రవారం తీస్తామనీ, మట్టిలో పూడుస్తామనీ, ఇంకొకరి చేతికివ్వకూడదనీ ఏటా అదే పాఠం అప్పజెప్పేవాణ్ణి. చివరికి ఆమె నా మాట విన్నది. గెలిచినవాడికి ఇంత చలి వేస్తుందని అప్పుడే తెలిసింది.

తినడమయ్యాక చేతుల మీద నీళ్లు పోసింది. పోస్తూ పోస్తూ చెంబు దించి, నా వేళ్లు పట్టుకుని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. డెబ్బై ఆరేళ్లు. ఒక కంట్లో పొర. మెట్లెక్కితే గుండె పట్టేస్తోందని ఆ మధ్య చెల్లెలు ఫోన్లో చెప్పింది.

"ఇవాళ ఏ వారంరా?"

"మంగళవారం."

"గోళ్లు మొదలంటా తీసున్నాయి."

అమ్మ ఏమిటని అడగలేదు. "ఎక్కడ?" అంది.

ఆమె వేలు పట్టుకుని నా దవడ కిందికి తీసుకెళ్లాను. ఆ వేలు కాసేపు అక్కడే ఉంది, చేప పట్టిన గాలాన్ని చేత్తో తూచుకుంటున్నట్టు.

"రొహానీకి తెలుసా?"

"లేదు."

"చెప్పు. బయటివాళ్ల నోట వింటే ఆ పిల్ల నిన్ను బతకనివ్వదు." చెయ్యి చాపింది. "తెచ్చావుగా, ఇటివ్వు."

పొట్లం ఇచ్చాను. అప్పుడే మా ఊరి పూజారి గంప చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. మేమంతా ఆయన్ని తో మో అంటాం.

"ఓహో, సలాముల అబ్బాయి. ఏటా ఒకరోజు మేం గుర్తొస్తాం," అన్నాడు. అమ్మని పేరుపెట్టి పిలిచి, "బుంగా, నీ బొమ్మలే మిగిలాయి. ఎన్ని?" అన్నాడు.

"ఇంకొకటి చెక్కగలవా?" అంది అమ్మ.

"చెక్క కొట్టే రోజు దాటాక కత్తి పట్టకూడదని నీకు తెలీదా?"

"ఒక బొమ్మలో ఇద్దరు సర్దుకుంటే?"

"అదేమన్నా మంచమా? ఒక బొమ్మకి ఒక మనిషే."

"సర్లే. నీళ్లు తాగు, సర్ది ఇస్తాను."

అమ్మ మాకు వీపు పెట్టి చాప మీద కూర్చుంది. చివరిది, తన బొమ్మ, దాని నడుముకున్న పీలిక విప్పింది. అందులోవి అరచేతిలోకి దులుపుకుని, లుంగీ ముడిలో వక్కల పక్కన దోపుకుంది. నా పొట్లం విప్పి, పీలికలో పోసి, పళ్లతో లాగి బిగించింది. తో మో కుండ మీద వంగి ఉన్నాడు. నేను ఆమె భుజం మీదుగా చూశాను. నేను చూస్తున్నానని ఆమెకి తెలీదు.

"ఆరు," అంది. "లెక్కపెట్టుకో."

ఆయన వెళ్లాక నాతో, "నాతోనే పెట్టానులే. ఇద్దరం సర్దుకుందాం," అంది. "చిన్నప్పుడు నా పొట్ట మీదే పడుకునేవాడివి."

సరే అన్నాను. నోరు దానంతటదే అంది. ఆ రెండక్షరాల్లో నేనెంత ప్రాణం మీద తీపి ఉన్నవాణ్ణో చీకటి పడేదాకా చూసుకుంటూ కూర్చున్నాను. వద్దనడానికి నాకు ఎంతో సమయం దొరికింది. ఒడ్డున డప్పులూ వయొలినూ మోగుతుంటే, ఆమె నిద్ర పోతుంటే, తో మో ఇల్లు అయిదు గుడిసెల అవతలే ఉంటే, లేచి వెళ్లలేదు.

తెల్లవారుజామున ఊరంతా ఇసుకలో నిలబడింది. పెద్దలు పడవని మోసుకొచ్చి మోటారు పడవకి కట్టారు. మూరెడు మూరెడు దూరమవుతూ పోయింది. తాడు విప్పాక కాసేపు అక్కడే తిరిగింది, ఎటు పోవాలో తోచనట్టు. చుట్టూ అందరూ అది తిరిగి రాకూడదని మొక్కుకుంటున్నారు. నేనొక్కణ్ణే రావాలని కోరుకున్నాను. వస్తే ఆ బొమ్మని వెతికి, పీలిక విప్పి, ఎవరివి వాళ్లకి ఇచ్చేవాణ్ణి. ఊరి మొత్తానికి చెడు కోరానని తెలుసు.

ప్రవాహం దొరికింది. పడవ దక్షిణానికి మళ్లింది.

"ఇక రాదు," అంది అమ్మ, తృప్తిగా. "నీ నమాజుకి వేళ కాలేదూ?"

నీళ్లలోకి దిగి కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కున్నాను. బోర్లించిన పడవ పక్కన ఇసుక మీద నుదురు ఆనించాను. అడగాల్సింది ఒకటే తోచింది, అది నా గడ్డ గురించి కాదు. లేచేసరికి అమ్మ ఆ పడవ అంచు మీద కూర్చుని నడుము ముడి విప్పుతోంది, వక్క కోసం.

"అమ్మా, నీ గోళ్లు ఇవ్వు."

ఆమె చెయ్యి ఆగింది.

"చూశావా?"

"చూశాను. నిన్ననే చూశాను. చూసి ఊరుకున్నాను."

కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండుననుకున్నాను.

"నీకెందుకురా అవి? మీకు కూడదుగా."

"పూడుస్తాను. మా పద్ధతిలో. నీ పేరు చెప్పి."

"పడవ ఎక్కనివాటికి మీ దగ్గర చోటుందా?"

"ఏమో. అడిగాను."

వక్కల పొడి అంటుకున్న నాలుగైదు తెల్ల ముక్కల్ని ఏరి నా అరచేతిలో వేసింది. ఒడ్డు పైన, కొబ్బరి చెట్ల వరస మొదలయ్యేచోట, ఇసుక పోయి మట్టి తగిలేచోట మోకాళ్ల మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టాను. ఆమె ఆయాసపడుతూ వచ్చి నా వెనక నిలబడింది.

"ఇంకాస్త లోతుగా తవ్వు," అంది. "మీ చెల్లెలి కోళ్లు కెలుకుతాయి."