పోలికకు మామ నెత్తురు

పెళ్ళై పందొమ్మిది రోజులు. జగిత్యాల ల్యాబ్‌లో మళ్ళీ తెల్లకోటు తొడుక్కున్నాను. గ్లౌజులు గాజుల దగ్గర ఆగిపోతుంటే ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ రోజు పరీక్ష సిరిసిల్ల నుంచి వచ్చిన నిఖితది. పద్నాలుగేళ్ళ పిల్ల. పన్ను పీకించుకుంటే రెండు రోజులు నెత్తురు ఆగలేదట. తెల్లారితే టాన్సిల్స్ ఆపరేషన్. ప్లేట్‌లెట్ల సంఖ్య బాగానే ఉంది. కానీ గాయమైనప్పుడు అవి తమలో దాచుకున్న గడ్డకట్టించే ప్రొటీన్‌ను బయటికి వదలాలి. ఎంత వదులుతున్నాయో కొలిచి సాయంత్రంలోగా చెప్పకపోతే డాక్టర్ కత్తి పట్టనన్నాడు.

పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుడి నెత్తురు కూడా కావాలి. మా ఆయన పేరు తిరుపతి. కోరుట్ల నుంచి బండి మీద వచ్చి, పెద్ద దానం చేస్తున్నట్టు చెయ్యి చాపాడు. మామ లచ్చయ్య కూడా వెంట వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు.

ఫలితం చూశాను. ఇద్దరిదీ తక్కువే. లోపం పిల్లలో ఉందా, నా కొలతలో ఉందా?

తిరుపతిని అడిగితే, మొన్న దావత్‌లో డీజే ముందు ఆడి తలనొప్పికి ఆస్పిరిన్ మింగానన్నాడు. ఆ గోలీ పడితే వారం దాకా ప్లేట్‌లెట్లు సరిగ్గా పనిచేయవు. గోలీలేమైనా వేసుకున్నారా అని అందరినీ అడిగే ప్రశ్న ఆయన్ను అడగనే లేదు. పందొమ్మిది రోజుల్లో మనిషి గురించి అంతా తెలిసిపోయిందనుకున్నాను మరి!

ఇక మిగిలింది మామ. ఆయన ముందు నేనింతవరకు కుర్చీలో కూడా కూర్చోలేదు. ఇప్పుడు చెయ్యి పట్టుకుని సూది గుచ్చాలి. ఈసారి ముందే అడిగాను.

"గోలీలు ఏమన్న ఏసుకున్నరా మామా?"

"ఎన్నడు మింగలే బిడ్డ. మీ అత్త పోసే కషాయమే."

నలభై ఏళ్ళు కల్లు గీయడానికి తాళ్ళెక్కిన మనిషి, సూది చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అది చూసి తిరుపతి నవ్వబోతే, "గోలీలు మింగెటోడివి, నువ్వు నవ్వకు" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

నిఖిత కూడా మళ్ళీ నెత్తురిచ్చింది. నేను గంటన్నర యంత్రం ముందు నుంచి కదల్లేదు. దాని తెర మీద మామ గీత జుయ్యిమని పైకి లేచింది. పిల్ల గీత కిందే ఉండిపోయింది. కొలత సరైనదే! ఫోన్ చేసి చెప్పాను. దాత ప్లేట్‌లెట్లు తెప్పించి పెట్టుకుని అనుకున్న వేళకే ఆపరేషన్ చేస్తామన్నాడు డాక్టర్.

ఉరుకుతూ బయటికొచ్చాను. మామ ఇంకా మోచేతి దగ్గర దూది అదుముకునే ఉన్నాడు.

"ఆ పిల్ల సంగతి ఏమాయె?"

"ఆపరేషన్ ఆగదు మామా. మీ నెత్తురుతోనే తేలింది."

తల ఊపి, బెంచీ మీద కొంచెం జరిగాడు. "పొద్దటి సంది నిలవడే ఉన్నవు. కూసో బిడ్డ."

కూర్చున్నాను. తిరుపతికే చోటు లేకపోయింది.