బీరమ్మకు అభ్యంతరం లేదు

లింగస్వామి మామ మెడమీద నరం ఉబ్బుతోంది, మైకు దొరికితే చాలు అలాగే ఉబ్బుతుంది, అది పుటుక్కున తెగితే బాగుండు అనుకున్నాను, అనుకున్నందుకు తప్పనిపించలేదు, ఇవాళ మా బడి ఆవరణలో టెంటు కింద కూర్చున్న ఎవరిమీదా నాకు జాలి లేదు, తుంగచెరువు చుట్టూ ఉన్న భూములను కొంగల కోసం సర్కారు తీసుకుంటుందట, చుట్టూ కంచె వేస్తుందట, ఊరి అభిప్రాయం వినడానికి ఆర్డీవో సారు వచ్చాడు, వినడం లేదు, ఫోను చూసుకుంటున్నాడు, మామ అరుస్తూనే ఉన్నాడు, జడ్చర్ల దిక్కు కంపెనీలకు తీసుకున్నప్పుడు ఎంతిచ్చిండ్రో మాకు తెల్వదా సారూ, కొంగలకైతే గింతేనా, గంత ప్రేముంటే కొంగలకే పాసుబుక్కులు ఇయ్యుండ్రి, అవే నాట్లేసుకుంటయి, అందరూ నవ్వారు, సారు కూడా ఫోను పక్కన పెట్టి నవ్వాడు, నాకు నవ్వు రాలేదు, మామ బాధ చెరువు పోతుందని కాదు, ధర చాలలేదని, ధర పెంచితే రేపు పొద్దున్నే కంచె గుంజలు తనే పాతుతాడు, మాకు పెంచడానికి ధర కూడా లేదు, గుంటెడు భూమి లేదు, గొర్రెలున్నాయి, అవి నీళ్లకు దిగే తోవ ఉంది, చెరువు కట్ట పక్కనుంచి తుంగ మధ్యలోకి పోయే తోవ, అది ఏ నక్షలోనూ లేదట, ఎండలు ముదిరితే మా పది ఇళ్ల మందలకు వేరే నీళ్లు లేవు, అది మూస్తే బాపు గొర్రెలు అమ్ముకోవాల్సిందే, మందలు తోలుకొని అమ్రాబాద్ దిక్కు పోయిన మగవాళ్లను అక్కడ అడవిలోకి రానివ్వలేదట, నిన్న బాపు ఫోను చేశాడు, ఈడ పులులున్నయి పొమ్మంటుండ్రు బిడ్డా, నెలాఖరుకే మర్లొస్తం, చెరువుల నీళ్లున్నయా, ఉన్నయి బాపూ అన్నాను, అక్కడ పులులు, ఇక్కడ కొంగలు, మాకు తప్ప అన్నిటికీ జాగా దొరుకుతోంది.

పది ఇళ్ల తరఫున ఈ టెంటు కిందికి వచ్చింది మా అవ్వ ఒక్కతే, బాపు తల్లి బీరమ్మ, నేల మీద కూర్చుంది, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఆమె బొటనవేలికి నీలం సిరా ఇంకా పోలేదు, వేలిముద్ర వేయించింది నేనే, పదో తరగతిలో చేతిరాత బాగున్నవాళ్లు రండి అంటే నన్నూ ఉజ్మానూ బల్ల దగ్గర కూర్చోబెట్టారు, కాగితం మీద మూడు గడులు, పేరు, భూమి ఎంత, అభ్యంతరం, మూడో గడిలో ఉన్నది అనో లేదు అనో రాయండి, ఉన్నవాళ్లకు ఏం కావాలో కింద ఒక లైను రాయండి, తొందరగా కానివ్వండమ్మా అన్నాడు సారు, అవ్వ వంతు వచ్చింది, ఎండలో కూడా భుజం మీద గొంగడి, గొర్రెల వాసన, వెనక మా క్లాసు పిల్లలు ముక్కులకు చున్నీలు అడ్డం పెట్టుకొని కిచకిచలాడారు, అభ్యంతరం ఉన్నదా అని అడిగాను, అవ్వా అని పిలవలేదు, తెలియని మనిషిని అడిగినట్టు అడిగాను, అవ్వ నా మొహం చూసింది, నాకేముంటది బిడ్డా, గుంటెడు జాగ లేదు, నాకేం లేదు, మన తోవ ఒక్కటి ఇడ్వుమను, నేను లేదు అని రాశాను, లకు ఏత్వం, దకు కొమ్ము, ముత్యాల్లాగా వచ్చాయి రెండక్షరాలు.

పక్కన ఉజ్మా రాత వంకర, వాళ్ల దాదీ అజీజా బేగం తుంగ కోసి చాపలు అల్లుతుంది, ఆమె కూడా అదే మాట అంది, నాకేముంది బేటీ, కానీ ఉజ్మా కలం ఎత్తిపట్టుకొని ఉర్దూలో గుచ్చిగుచ్చి అడిగింది, మరి తుంగ వద్దా, చాపలు దేంతో అల్లుతావు, అడిగి ఉన్నది అని రాసింది, తుంగ కోసుకోవాలి అని కింద రాసింది, తొందరగా తొందరగా అని సారు ఉజ్మాను కూడా కసిరాడు, ఉజ్మా తల ఎత్తలేదు, నాకు ఇప్పుడు ఉజ్మా మీద కూడా కోపంగా ఉంది, ఎందుకంటే సారు మైకులో చదివేశాడు, అభ్యంతరం తెలిపిన పట్టాదారులు ఇరవై ఒక్కరు, తుంగ కోసేవారు ఒకరు, తుంగకు వారానికి రెండు రోజులు లోపలికి అనుమతి ఇస్తాం, గొర్ల కాపరుల నుంచి అభ్యంతరం లేదు, కాబట్టి పశువుల మార్గానికి మినహాయింపు అవసరం లేదు.

కాబట్టి, ఎంత తేలిగ్గా అన్నాడు ఆ మాట, లింగస్వామి మామ వెంటనే ఇటు తిరిగాడు, ఏం బీరమ్మా, కొంగలతోని సోపతి చేసినవా, గిదేనా నీ కొట్లాట, అవ్వ ఊరుకోలేదు, నీ నోట్ల మన్నువడ, నా మాట నా మనుమరాలు రాసింది తియ్యి, నీ లెక్క ఒర్రాలెనా అంది, అని చుట్టూ చూసింది, ఆ చూపులో ఎంత గర్వమో, నా మొహం కాలినట్టయింది, నేనేం చేయను, అభ్యంతరం అనే మాట అవ్వకు తెలియదు, అది నా తప్పా, లేదు అన్నది ఆమె నోరే, సారు తొందరపెట్టాడు, ఏడో తరగతిలో తోవ అని రాస్తే టీచరు ఎర్ర గీత కొట్టింది, దారి అని రాయాలి, తోవకు ఏ గడీ లేదు, నేనెక్కడ రాయను, కానీ కింద ఒక లైను జాగా ఉంది, ఉజ్మాకు కనిపించింది, నాకు కనిపించలేదా, కనిపించింది, పళ్లు లేని అవ్వ మాట మా ఇంట్లో అమ్మకు కూడా సగమే అర్థమవుతుంది, నాకు ఆమె చెయ్యి ఊపితే చాలు, మంచినీళ్లో తమలపాకో తెలిసిపోతుంది, అలాంటిది ఆ బల్ల దగ్గర మాత్రం ఎలా తెలియకుండా పోయింది, ఏమీ పోలేదు, అంతా తెలిసింది, ఇడ్వుమను అన్నప్పుడు ఆమె గొంతు వణకడం కూడా తెలిసింది, ఆ గొంగడి నా ముందునుంచి తొందరగా జరగాలని, పిల్లలు నవ్వడం ఆపాలని, రెండక్షరాలతో అయిపోయే మాట ఏరుకున్నాను.

అవ్వ నా చున్నీ పట్టి లాగుతోంది, సారు ఏమంటుండు బిడ్డా, మన తోవ సంగతి ఏమాయె, కాగితాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి, సారు సంచీ సర్దుతున్నాడు, నాకు మైకు అంటే భయం, సారు అంటే భయం, ఏం కాలేదవ్వా అంటే అవ్వ నమ్ముతుంది, నేను ఏం చెప్పినా నమ్ముతుంది, అది తెలిసే రాశాను, పొరపాటు కాదు, నేను అవ్వ ముందు నేల మీద కూర్చున్నాను, చెవి దగ్గరికి వంగాను, అవ్వా, నువ్వు చెప్పింది నాకు మంచిగనే ఇనవడ్డది, నేనే రాయలే.