గేదెకు మందు పోసే గొట్టం

నేను ఒక వెదురు గొట్టాన్ని. మూరెడు పొడవు, ఒక చివర ఏటవాలు కోత. పశువు నోట్లో మందు పోయడానికి పుల్లయ్య నన్ను చెక్కాడు. గేదె చిగుళ్లు గీరుకోకూడదని నా అంచును గాజుపెంకుతో ఓపిగ్గా నున్నగా గీకాడు. పెళ్లాం గంగులమ్మ కాల్లో ముల్లు తీయడానికి మాత్రం ఆయనకు ఏనాడూ తీరిక దొరకలేదు.

ఆయన పోయాక గంగులమ్మ చేతికొచ్చాను. ఒకసారి ఈనిన మర్నాడే గేదె కూలబడింది. ఒంట్లో సున్నమంతా పాలల్లోకి పోయిందని పశువుల డాక్టరు సూది వేస్తే లేచింది. గంగులమ్మకు ఆ భయం పోలేదు. పాడిగేదెకు పొద్దున్నే నాలోంచి కాల్షియం మందు దిగందే ఆమె పాలచెంబు పట్టదు.

కోడలు శేషారత్నానికి ఏడో నెల. పిక్కలు పట్టేసి విలవిల్లాడేది. ఆశా వర్కరు ప్రమీల కాల్షియం బిళ్లలిచ్చింది.

"బిళ్లలు మింగినా, పాలు తాగినా బిడ్డ లావెక్కుద్ది. కాన్పు కష్టమవుద్ది," అని గంగులమ్మ తీర్పు. పారేయడానికి మనసొప్పక వాటిని నూరి, నీళ్లలో కలిపి, నాలోంచే గేదెకు పోసింది.

ఒకరోజు ఆ పనిలో ఉండగానే ప్రమీల వచ్చింది.

"బిళ్లలు వేసుకుంటున్నావా రత్నం?"

"గేదెనడుగక్కా. అదే మింగతంది."

ప్రమీల తల పట్టుకుంది. "పెద్దమ్మా! తల్లికి చాలకపోతే కడుపులో బిడ్డ ఊరుకుంటదా? దానికి కావాల్సింది తల్లి ఎముకల్లోంచే లాక్కుంటది."

"గేదె కూలబడితే ఇల్లెట్టా గడుస్తదే?" అంది గంగులమ్మ.

శేషారత్నం లేచొచ్చి, గేదె పక్కనే చతికిలబడి నోరు తెరిచింది. "నాక్కూడా పొయ్యి అత్తా! నేను కూలబడితే బిడ్డనెవరు కంటారు? ఇదా?"

గంగులమ్మ నన్ను గేదె నోట్లోంచి లాగేసింది.

మర్నాటి పాలు ముందు డెయిరీ క్యానులో పడలేదు. కాచి కోడలికిచ్చింది గంగులమ్మ. బిళ్ల కూడా చేతిలో పెట్టింది.

"నడుం వంగిపోయింది, నువ్వూ తాగాల పెద్దమ్మా," అంది చూడవచ్చిన ప్రమీల.

"నాకెందుకే? నేనేమన్నా ఈనేదాన్నా?"

కోడలు ఇంకో గ్లాసు నింపి అందించింది. గంగులమ్మ కళ్లు మూసుకుని, మందు తాగే గేదెలా మొహం పెట్టి గుటక వేసింది. కళ్లు తెరిచింది.

"మన గేదె పాలు ఇంత కమ్మగుంటయ్యా!" అంది.

పెళ్లయి వచ్చిన నాటినుంచీ ఆ ఇంట పాలు పితికే మనిషి.

ఇప్పుడు మందు పోయడానికి ప్లాస్టిక్ సీసా వచ్చింది. నన్ను కొట్టం చూరులో దోపారు. పొద్దున్నే రెండు గ్లాసులు కడిగే చప్పుడు ఇక్కడికి వినబడుతుంది.