జిడ్డు చెవి

ముప్పై ఏళ్లుగా మనుషుల చెవుల్లో గుబిలి తీసి బతుకుతున్నాను. గుబిలి అంటే నాకెప్పుడూ రోత పుట్టలేదు. తీసినదాన్ని కాగితం మీద పెట్టించుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పక్క బల్లవాళ్లకు కూడా చూపించి మురిసిపోతారే, ఆ మనుషులంటేనే రోత. మా లెషాన్ ఊళ్లో నది ఒడ్డున ఉన్న టీ దుకాణానికి అలాంటివాళ్లు రోజుకు పదిమందైనా వస్తారు.

వాళ్లకంటే రోత పుట్టించేవాళ్లు సంబంధాలు చూసేవాళ్లు. మా వైపు పెళ్లి మాటలకు ముందు "వాళ్ల గడప శుభ్రమేనా?" అని అడుగుతారు. గడప కడిగారా లేదా అని కాదు, ఆ వంశంలో చంక కంపు ఉందా అని. మా జనంలో చాలామందికి గుబిలి పొడిగా, తవుడులా రాలుతుంది. కొద్దిమందికే జిడ్డుగా, తేనెలా ఉంటుంది. ఆ జిడ్డు ఉన్నచోట చంక కంపూ ఉంటుందని, అది పిల్లలకూ వస్తుందని భయం. అందుకని పిల్లను టీకి పిలిచి, "చెవులు శుభ్రం చేయించుకోమ్మా" అని ముద్దుగా అంటారు. ఎందుకో పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అందరం నవ్వుతూనే కూర్చుంటాం. తూ!

ఆ రోజు గూ వదిన, కొడుక్కి చూస్తున్న పిల్ల లాన్‌షిన్‌ను వెంటబెట్టుకొచ్చింది. వదినది మిరప ముద్ద దుకాణం, ఒక్కగానొక్క కొడుకు యాన్‌పింగ్. లాన్‌షిన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తుంది, ఇంట్లో పెళ్లీడు చెల్లెళ్లు ఇద్దరున్నారు. ఈ పిల్లకు జిడ్డు చెవి అని పేరు పడితే ఆ చెల్లెళ్ల గుమ్మం కూడా ఎవరూ తొక్కరు.

"ఎడమ చెవి ముందు చూడు షియాంగ్" అంది వదిన, కుర్చీ అటువైపే లాక్కుని.

"పిన్నీ, అది మూడు రోజుల నుంచి మూసుకుపోయినట్టుంది. ఎక్స్ఛేంజిలో ఎవరేమన్నారో వినపడక తిట్లు తింటున్నా" అంది లాన్‌షిన్ మెల్లగా.

నుదుటి దీపం వెలిగించాను. చెవి లోపలి దారి తిన్నగా ఉండదు, వంపు తిరుగుతుంది. చెవిని కాస్త పైకీ వెనక్కీ లాగితే ఆ వంపు సర్దుకుని, చివరనున్న పొర కనిపిస్తుంది. నేను లాగగానే పిల్ల పళ్లు బిగించింది. చూపుకంటే ముందు వాసన తగిలింది, చేపలు కడిగి మర్చిపోయిన నీళ్ల వాసన. చెవి మొదట్లోనే దూదితో తుడిచాను. పచ్చగా, తీగలు సాగుతూ వచ్చింది.

వదిన ఆ దూదిని నా చేతిలోంచి లాక్కుంది. వాసన చూసి, చీదరించుకుని, టీ కప్పు మూత మీద పడేసింది.

"ఛీ ఛీ! జిడ్డే! నే అనుకున్నా. ఎంత పౌడరు రాసుకుంటే మాత్రం దాగుతుందా? ఇహ రెండోది చూడక్కర్లేదులే."

దుకాణంలో పేకాట ఆగిపోయింది. లాన్‌షిన్ చెవులతో సహా ఎర్రబడింది. లేవబోయింది. నేను భుజం నొక్కి కూర్చోబెట్టాను. ఏదో తేడాగా ఉందనిపించింది. గుబిలి పుట్టేది చెవి మొదట్లోనే, లోపల కాదు. ఈ తడి అట్టడుగు నుంచి ఊరుతోంది. దీపం సర్ది మళ్లీ చూశాను. పొరకు చిన్న చిల్లు. ఆ చిల్లులో చీము నాడితో పాటు కొట్టుకుంటోంది.

"నొప్పి పుట్టిందా అమ్మాయ్?"

"జలుబు చేశాక చచ్చేంత నొప్పి పిన్నీ. ఓ తెల్లారి దిండు తడిసింది, నొప్పి పోయింది. తగ్గిపోయిందనుకున్నా."

కుడి చెవి తిప్పించి చూశాను. తెల్లటి పొడి రాలింది. కాగితం మీద పెట్టి వదిన ముక్కు ముందుకు తోశాను.

"చూడు వదినా, బాగా చూడు. ఒకే మనిషికి ఒక చెవి పొడి, ఒక చెవి జిడ్డు ఉండవు. ఎడమదాంట్లోది గుబిలి కాదు, చీము. పొర చిల్లుపడింది. దాని వెనక బియ్యపు గింజలంత ఎముకలు మూడున్నాయి, పొర అదురు వాటి మీదుగా లోపలికి వెళ్తేనే మనకు మాట వినపడేది. చీము వాటిని తినేస్తే ఆ చెవి ఇక చెవి కాదు. ఈ పిల్లను ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

వదిన మొహం విప్పారింది.

"అమ్మయ్య! చీమేనా? హడలిపోయాననుకో! చెవుడొస్తే వచ్చిందిలే, రెండోది ఉందిగా. రక్తం మంచిదైతే చాలు. కూర్చో తల్లీ, ఇంకో టీ తాగు."

చేతిలో వేడినీళ్లుంటే ఆ నవ్వు మొహం మీద కుమ్మరించేదాన్ని. లాన్‌షిన్ మాత్రం అరవలేదు. మూత మీదున్న దూదిని తీసి కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. తర్వాత నావైపు చూసింది.

"పిన్నీ, యాన్‌పింగ్ చెవులు చిన్నప్పట్నుంచీ మీరే కదా చూసేది? ఎలా ఉంటాయి?"

వదిన దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. ఏటా చలికాలంలో మా ఇంటికి ఒక జాడీ మిరప ముద్ద వస్తుంది, ఎందుకొస్తుందో ఇద్దరం ఎన్నడూ నోటితో అనుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఆ ముద్దతో అన్నం తిన్నాను.

"జిడ్డు" అన్నాను. "రెండు చెవులూనూ. తల్లి పోలిక."

"నీ నోట పురుగులు పడ! నా జాడీలు మెక్కి..." అంటూ వదిన లేచింది. కుర్చీ వెనక్కి పడింది. పేకాటవాళ్లు పకపకా నవ్వారు. వదిన ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్లిపోయింది. నేను దర్జాగా నడుం నిటారుగా చేసుకున్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

లాన్‌షిన్ కోటు వేసుకుంది. "ఆసుపత్రికి నేనూ వస్తా పద" అన్నాను.

"వద్దు పిన్నీ." తలుపు దాకా వెళ్లి ఆగింది. "వాళ్ల సంగతి ఇరవై ఏళ్లుగా తెలుసు కదా మీకు. మరి ఇవాళ నా చెవులు చూడ్డానికి దీపం ఎందుకు పెట్టుకున్నారు?"

తల కాస్త తిప్పి, బాగా వినపడే కుడి చెవిని నావైపు పెట్టి నిలబడింది. నేను చెప్పేది వినాలనే నిలబడింది.